వంటింట్లో నేర్చిన మాట

పంజరం హాల్లో ఉండాలా, వంటింట్లో ఉండాలా అన్నదే ఆ రోజు గొడవ.

"కుక్కర్ మోతల దానికి నా మాట ఎక్కుతలేదు, నర్మదా" అన్నారు మావారు.

"హాల్ల అది రాల్చే కొర్రల పొట్టు ఎవరు ఊడుస్తరు?" అన్నాను.

జగిత్యాల నుంచి తెచ్చిన నాటి నుంచి ఆ పచ్చ బడ్జీ చిలుక చేత 'జై తెలంగాణ' అనిపించాలని ఆయన తంటాలు పడుతున్నారు. అది తల వంచి వింటుంది. ముక్కు తీగకు రుద్దుకుంటుంది. అంతే.

సకల జనుల సమ్మెతో బడి మూతపడింది. హెడ్మాస్టరు మదన్ మోహన్ రావు గారు, అంటే మావారు, కోరుట్లలో రిలే నిరాహార దీక్షల టెంట్లో కూర్చుంటున్నారు. మధ్యాహ్నం బీపీ గోలీ పేరు చెప్పి ఇంటికి వచ్చి, పెరటి తలుపున దూరి, వంటింట్లో నిలబడే పప్పన్నం తిని వెళ్తారు. సాయంత్రం టెంట్లో నిమ్మరసం అందుకునేటప్పుడు ఆయన ముఖం ఎంత వాడిపోతుందో మా అమ్మాయి రమ్య చేసి చూపించేది. వడ్డించేది నేనే.

చివరికి పంజరం హాల్లోకే చేరింది. ఆ సాయంత్రమే ఎదురింటి టైలర్ దస్తగిర్, టీచర్ సుమిత్ర వచ్చారు. టెంటు బాధ్యతంతా ఇక ఆయనకే అప్పగించాలని అందరూ అనుకున్నారట. మావారి ఛాతీ వెడల్పయింది.

"మా పిట్ట గూడ ఉద్యమంలనే ఉన్నది. ఏదీ, అను బిడ్డా, జై..."

పిట్ట రెక్కలు దులిపింది. అచ్చం ఆయన ధోరణే, గొంతు మాత్రం సన్నం.

"నర్మదా, ఇంకో గంటె పప్పు! జల్ది, దస్తగిర్ చూస్తడు!"

సుమిత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొన్ననే రంజాన్ నెలంత రోజా ఉన్నోన్ని, రావు సాబ్" అన్నాడు దస్తగిర్. "నన్నడిగితే ఉపాసం ఎట్లుండాల్నో చెప్తుంటి గద! ఇప్పుడు టెంట్ల ఏమని చెప్పాలె?"

"రేపు... రేపు నేనే చెప్త" అన్నారు మావారు.

రాత్రి అన్నానికి కూర్చున్నాం. గంటె గిన్నెకు తగిలిన చప్పుడు వినగానే హాల్లోంచి మళ్ళీ అదే కూత. రమ్య నవ్వాపుకోలేక కంచం మీదికి వంగిపోయింది. మావారు కంచానికి చెయ్యి అడ్డం పెట్టారు.

"రేపటి సంది గోలీ జేబుల ఏస్కొనే పోత. పంజరం హాల్ల వద్దు, వంటింట్ల వద్దు. టెంట్ల నా నెత్తి మీదనే కడ్త. నేను ఇంటి దిక్కు లేస్తే అదే అందరికి చెప్తది."

నేనింకా గంటె పట్టుకునే ఉన్నాను.

"పొట్టు గూడ నేనే ఊడుస్త" అన్నారు.