ఆయన వంతు

ఆసుపత్రికి బయలుదేరుతూ ఆయన భార్యకు చేసిన ఆఖరి అప్పగింత తన గురించి కాదు, ఆట గురించి. "టైలరమ్మా, టీవీ కట్టెయ్ గానీ ఆ ఆటపెట్టె ఆపకు. యుద్ధం మధ్యలో సేవ్ అవదు. ఇప్పుడు నా వంతు. వచ్చి ఆడతా."

ఆ జపాను వీడియో ఆటల్ని ఆమె తిట్టుకుంటూనే చూసేది. బస్సు నడిపి అలిసొచ్చి ఆయన టీవీ ముందు కూలబడేవాడు, పక్కనే ఆమె కుట్టుమిషను. తెరమీద పాడుబడ్డ కొంప, తడిగోడలు, గోడవతల ఎవరో కాలీడుస్తున్న చప్పుడు. అసలు భయమంతా ఆ చప్పుడులోనే. రాక్షసి ఎదురుపడ్డాక సగం తగ్గేది. ఎందుకంటే మన వంతు వచ్చాక, మనం మీట నొక్కేదాకా అది కదలకూడదు. ఇంటి ఓనరుకన్నా దానికే మర్యాద తెలుసనేవాడు ఆయన.

ఆయన తిరిగి రాలేదు. రాక్షసి మాత్రం, కరెంటు పోయినా ఇన్వర్టరు పుణ్యాన, నెలల తరబడి అలాగే నిలబడి ఉంది. దాని ముందు ఆయన ఆడించే నలుగురు వీరులు, అందరికన్నా ముందున్నవాడు మోకాలిమీద కూలి రొప్పుతూ.

ఇన్నాళ్లూ సన్నగా గుయ్యిమంటూ ఉన్న పెట్టె ఇవాళ మూలగసాగింది. మరిది వచ్చి చెయ్యి వేసి చూసి, కాలిపోతోంది వదినా, వెంటనే ఆపాలన్నాడు. గెలిచినా, తప్పించుకున్నా పక్కనున్న దీపాలగదిలో సేవ్ చేసుకోవచ్చు. ఓడితే అన్నయ్య ఆడిందంతా గంగపాలే. తను ఆడతానన్నాడు. ఆమె ఇవ్వలేదు.

టీవీ పెడితే తెరమీద నాలుగే దారులు: కొట్టు, కాచుకో, మందు, పారిపో. మందు ఎప్పుడో అయిపోయింది. పారిపోవడం ఆయనకు తలవంపులు. కొడదామనే వేలు పెట్టింది.

ఆసుపత్రి మంచంమీద ఆయనా ఇలాగే రొప్పాడు. "ఇక చాలే. ఇంటికి పోదాం" అన్నాడు, ఒకసారి కాదు. ఆమె వింటేగా. ధైర్యంగా ఉండండి, పోరాడండి అంటూ ఇంకో సూదికీ, ఇంకో గొట్టానికీ తలూపింది. ఆ గొట్టాల మధ్యే పోయాడు, ఇల్లు చూడకుండా. ప్రేమకొద్దీ చేసిందే. కానీ అది ఆయన వంతు, ఆమె ఆడేసింది.

వేలు జరిపి, పారిపో నొక్కింది. ఒక్కోసారి అదీ కుదరదు.

నలుగురూ పరుగెత్తారు. వెనక తలుపు మూసుకుంది. దీపాలగది, సన్నటి పాట. ముందున్నవాడు గోడకానుకుని కూర్చున్నాడు, రొప్పు తగ్గింది.

సేవ్ చేసింది. "ఇంటికొచ్చేశామండీ" అంది తెరతో.

మరిది మొహం తిప్పుకుని పెట్టె ఆపాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి గదిలో ఏ చప్పుడూ లేదు. అప్పుడు భోరుమంది.