పోయేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఒకళ్ళు

నేను ఒక అడకత్తెరను. కొరకడం నా పని. జాలిపడటం నా పని కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత మీరు నన్ను ఆడిపోసుకోరు.

నన్ను పోతపోసినవాడు కొంటెవాడు. నా పిడులు రెండూ ఇత్తడివి. ఒకటి మగమనిషి, ఇంకోటి ఆడమనిషి. నేను నోరు తెరిస్తే ఇద్దరూ విడిపోతారు. మూస్తే కౌగిలించుకుంటారు. చూసినవాళ్ళందరూ ఎంత ముచ్చటగా ఉందో అంటారు. ఆ కౌగిలి బిగిసినప్పుడే లోపల వక్క రెండు ముక్కలవుతుందని ఒక్కరికీ తట్టదు. నా పళ్ళు మాత్రం ఉక్కువి. విరిగిపోయిన బండి ఇరుసును కాల్చి, సాగగొట్టి, సానబట్టి అమర్చారు. ఆ దెబ్బలకి నేను అరిచిన అరుపులు కొలిమి పక్కన చుట్ట కాల్చుకుంటున్నవాళ్ళకి సంగీతంలా వినిపించాయి. మనుషులతో నా పరిచయం అలా మొదలైంది.

మా గోదావరి వైపు ఒక నమ్మకం ఉంది. ఉప్పు, మిరపకాయలు, కత్తి, కత్తెర, అడకత్తెర ఎవరూ చేతికివ్వరు. ఇస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ తగాదా వస్తుందట. అందుకని కింద పెడతారు. రెండోవాళ్ళు వంగి తీసుకుంటారు. ఇన్నేళ్ళూ నేను చేతి నుంచి నేలకీ, నేల నుంచి చేతికీ తిరిగాను. తగాదాలు మాత్రం ఏ లోటూ లేకుండా జరిగాయి.

నా మొదటి యజమాని కోనసీమలో ఒక కరణం. అరుగు మీద కూర్చుని, ఎదుటివాడి మొర వింటూ వక్క కత్తిరించేవాడు. నేను టక్కుమన్నప్పుడల్లా ఎవడిదో గట్టు జరిగేది. ఆయన పోయాక కొడుకులు పొలం పంచుకున్నారు, పశువుల్ని పంచుకున్నారు, చివరికి నా దగ్గరకొచ్చారు. మగబొమ్మ నాకు, ఆడబొమ్మ నీకు అని సుత్తి తీసుకున్నారు. నా మడతశీల మీద ఆ దెబ్బ ఇప్పటికీ ఉంది. నేను విరగలేదు. వాళ్ళు విరిగారు.

తర్వాత నేను రాజమండ్రి చేరాను. అచ్చియమ్మ అనే మంత్రసాని నన్ను సంతలో కొంది. ఆమె నన్ను వక్కలకే కాదు, మరగబెట్టి పురుళ్ళకీ వాడింది. పిల్ల బయటపడగానే బొడ్డు కోసేదాన్ని నేనే. మనిషి లోకంలోకి వచ్చాక మొదట తగిలే చల్లదనం నాదే. ఆమె చెల్లెలి పిల్లలిద్దరికీ, అబ్బులుకీ, వాడి చెల్లెలు సత్యవేణికీ, నేనే బొడ్డు కోశాను. ఇది గుర్తుపెట్టుకోండి.

అచ్చియమ్మకి పిల్లల్లేరు. పోయేముందు నన్ను మంచం పక్కన నేల మీద పెట్టి, "ఇద్దరూ సమానంగా తీసుకోండర్రా" అంది. ఒక్క అడకత్తెరని సమానంగా ఎలా తీసుకోవాలో చెప్పకుండానే పోయింది.

అబ్బులు అప్పటికే సొంత ఇల్లున్నవాడు. సత్యవేణి మొగుడు వదిలేసి వెళ్ళినప్పటి నుంచీ ఆ ఇంట్లోనే ఉంటోంది. వంట ఆమెది, అంట్లు ఆమెవి, బట్టలు ఆమెవి. పడక మాత్రం బియ్యం బస్తాల పక్కన. వదిన భూలక్ష్మి వచ్చినవాళ్ళతో, "మా ఆడపడుచుని కూచోబెట్టి మేపుతున్నామండీ" అనేది. ఆ మాట అంటున్నప్పుడు సత్యవేణి నిలబడి అందరికీ కాఫీలిస్తూ ఉండేది.

సత్యవేణికి ఒకటే కోరిక. గోకవరం బస్టాండు పక్కన ఒక చిన్న షట్టరు ఖాళీగా ఉంది. అందులో కర్రీ పాయింటు పెట్టుకుని, ఆ వెనక గదిలోనే పడుకోవాలి. అడ్వాన్సు ఇస్తే తాళం ఇస్తానని ఓనరు చెప్పాడు. వచ్చే వారం దాకా ఆగుతానన్నాడు.

అప్పుడే నా ధర బయటపడింది. భూలక్ష్మి పిన్నికూతురు బెంగళూరులో ఉంటుంది. అక్కడ ఏడాదికోసారి పాతసామాన్ల పెద్ద సంత జరుగుతుంది. దేశంలోని తుప్పంతా అక్కడికే వస్తుందట. నాలాంటిదే ఒకటి కిందటేడు అక్కడ ఎంతకి పోయిందో ఆవిడ ఫోన్లో చెప్పింది. భూలక్ష్మి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, ఆ రోజు నుంచీ వక్కల పని అవ్వగానే నన్ను బీరువాలో పెట్టడం మొదలెట్టింది. సత్యవేణి సగం తనదేనా అని అడిగింది. "నీది కాక ఎవరిదే" అన్నాడు అన్న. ఆమె నమ్మింది.

నన్ను ఆ సంతలో అమ్మడానికి అన్నాచెల్లెళ్ళిద్దరూ వెళ్ళాలని అనుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం ప్రయాణం ఖర్చుల లెక్క మొదలైంది. సత్యవేణి పెరట్లో బట్టలుతుకుతోందని వాళ్ళనుకున్నారు. ఉతకడం అయిపోయింది. ఆమె తలుపవతల కూర్చుని, వదిన తాంబూలానికి నాతో వక్కలు కత్తిరిస్తోంది.

"రిజర్వేషన్ చేయించమంటావా?" అన్నాడు అబ్బులు.

"ఎందుకండీ? జనరల్లో కూచుంటే రైలు మిమ్మల్ని దింపేత్తదా?"

"రూము?"

"ఏం, సంతకి కాపరానికెళ్తున్నారా? స్టేషన్లో మొహాలు కడుక్కోండి."

"తిండన్నా పెడతావా, అదీ కోసేత్తావా?"

"సత్తివేణి చేత పులిహోర కలిపిత్తాను. దాని చేతి పులిహోర రెండ్రోజులన్నా పాడవదు. దాని చెయ్యి మంచిదేనండీ, జాతకవే మంచిది కాదు." భూలక్ష్మి నవ్వింది.

"సరే. ఇంక ఇద్దరికీ రానూపోనూ చార్జీలు..."

"ఇద్దరికని ఎవరు చెప్పారు? పోయేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఒకళ్ళు. అలా ఎయ్యండి లెక్క."

నేను ఒక వక్కను సగం కొరికి ఆగాను. ఆగింది నేను కాదు, సత్యవేణి చెయ్యి.

"మా పిన్నికూతురికి ఇంట్లో ఉండే పనిమనిషి కావాలంట. అది అమ్మేసి, దీన్ని అక్కడ దింపేసి వచ్చెయ్యండి. జీతం మనకే పంపుద్ది. దీనికి ఆ ఊరు తెలీదు, బాస తెలీదు. ఎక్కడికి పోద్ది?"

"మరి దాని సగం?"

"ఇన్నాళ్ళు మేపాం కదండీ. చెల్లుకి చెల్లు."

అబ్బులు నిట్టూర్చాడు. మెత్తనివాళ్ళు చెడ్డపనికి ఒప్పుకునేముందు అలాగే ఒకసారి నిట్టూరుస్తారు. దాన్ని వాళ్ళు బాధపడటం అనుకుంటారు. తర్వాత గొంతు సవరించుకుని, "అయితే ఒక్కడికి చార్జీ ఎంతవుద్ది?" అన్నాడు.

సత్యవేణి నన్ను నొక్కింది. మధ్యలో వక్కతోపాటు ఆమె వేలి కొస కూడా ఉంది. నేను రెండూ కొరికాను. నెత్తురు నా మడతలోకి జారింది. ఆమె వేలికి గుడ్డపీలిక చుట్టుకుని, లోపలికొచ్చి, వక్కలపళ్ళెం వదిన ముందు పెట్టి, నన్ను పద్ధతి ప్రకారం కింద పెట్టింది.

"వదినా, పులిహోరకి చింతపండు నానబెట్టనా?" అంది.

ఆ గొంతులో ఏమీ లేదు. ఎన్నో గట్లూ బొడ్లూ తెగడం చూసిన ఇనుముని నేను. అలాంటి గొంతు మాత్రం ఎప్పుడూ వినలేదు.

రైల్లో అబ్బులు ఖర్చుల డబ్బంతా చెల్లెలి చేతికిచ్చాడు. తన తిరుగు చార్జీ వేరే ముడి వేసి అదీ ఇచ్చాడు. "పెద్దూరు. జేబులు కొట్టేత్తారు. ఆడదాని రొంటిన చెయ్యెట్టే దొంగ ఇంకా పుట్టలేదు, నీ దగ్గరే ఉంచు" అన్నాడు. నన్నూ ఆ రొంటి సంచిలోనే పెట్టింది. ఒక రాత్రీ ఒక పగలూ ఆమె పొట్టకి ఆనుకుని, ఆమె ఊపిరి వింటూ ప్రయాణం చేశాను. దారిలో అన్నకి పులిహోర గిన్నె మూత తీసి పెట్టింది. వేరుశెనగ గుళ్ళు ఏరి అతని వైపే వేసింది. అతను తిని, వేళ్ళు నాక్కుని, "నీ చేతి వంట తినేవాళ్ళు అదృష్టవంతులే" అన్నాడు. పని కుదిర్చిన ఇంటిని తలుచుకునే అన్నాడని ఇద్దరికీ తెలుసు. ఆమెకి తెలుసని అతనికి తెలియదు.

సంత నేననుకున్నదానికన్నా ఘోరంగా ఉంది. మైదానం నిండా గుడ్డలు పరిచి, వాటి మీద చచ్చిపోయిన ఇళ్ళని పోగులు పోశారు. గడియారాలు, గంధపుగిన్నెలు, ఎవరివో పెళ్ళిఫోటోలు. ఫోటోల్లోవాళ్ళని తీసేసి చట్రాలకి మాత్రం ధర చెప్తున్నారు. నాలాంటి అడకత్తెరలు ఒక్కో గుడ్డ మీద గుప్పెడున్నాయి.

నలుగురికి చూపించాక, ఎర్రిస్వామి అనే హిందూపురం ముసలాయన నన్ను చూసి మిగతావాళ్ళ కన్నా మంచి ధర చెప్పాడు. అబ్బులు ఇంకా కావాలన్నాడు. "తిరిగి రాప్పా, సంతంతా తిరిగి రా. కాళ్ళు నొచ్చినాక నా ధరే తీపిగుంటాది" అన్నాడు ముసలాయన.

కాసేపటికి సత్యవేణి, "అన్నయ్యా, బాత్రూమ్‌కెళ్ళొత్తాను" అంది.

"దానికీ డబ్బులడుగుతారే ఇక్కడ. ఆగలేవా?"

"ఆగలేను."

ఆమె తిన్నగా ఎర్రిస్వామి దగ్గరికొచ్చింది. నన్ను తీసి చూపించింది.

"అమ్ముతాను. నువ్వు చెప్పినదానికి కొంచెం తగ్గించుకో. కానీ నాదో షరతు."

"ఏందమ్మా అది?"

ఆమె వంగి చెప్పింది. ముసలాయన విని, ఆమె వేలికున్న గుడ్డపీలిక చూసి, దవడ గోక్కున్నాడు. "నా చెల్లెలు నీ మాదిరి లేదు, బతికిపోయినా" అని డబ్బు ఇచ్చాడు. ఆమె నన్ను మళ్ళీ రొంటిన పెట్టుకుంది. అంటే ఆ క్షణం నుంచీ నేను ఎర్రిస్వామి సొత్తుని. సత్యవేణి రొంటిన అరువుకి ఉన్నాను.

అన్నని వెంటబెట్టుకుని వచ్చి, "ఈ ముసలాయనే నయం, ఇంకోసారి అడుగు" అంది. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు.

"ఏదీ, తియ్యి" అన్నాడు అబ్బులు.

ఆమె నన్ను తీసింది. ఇక్కడ జరిగింది నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆమె నన్ను కింద పెట్టలేదు. సూటిగా అన్న అరచేతికి అందించింది. అందించి, అలాగే ఆగింది. అతను పుచ్చుకుని ఉంటే కథ ఇంకోలా ఉండేది. అప్పుడు ఏం చేద్దామనుకుందో నాకు తెలియదు. ఆమెకి కూడా తెలుసో లేదో.

అబ్బులు పాముని చూసినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చేతికిత్తావేంటే, బుద్దుందా? తగాదా వత్తది. కింద పెట్టు!"

ఆమె కింద పెట్టింది. ఎర్రిస్వామి గుడ్డ మీద, తక్కిన అడకత్తెరల మధ్య.

అబ్బులు వంగేలోగా ముసలాయన చెయ్యి నా మీద పడింది.

"ఏందప్పా? కొంటావా?"

"కొనడమేంటి? అది నాది!"

"నా గుడ్డ మీదుండేది నా సరుకు."

"ఇప్పుడే కదండీ పెట్టాం! దాని శీల మీద సుత్తిదెబ్బుంది, చూడండి!"

"ఉండాది. నా కండ్లకీ కనపడతాండాది. యాభై మంది నా సరుకు చూసినారు పొద్దున్నుంచి. అందరూ నాదే అంటే నా అంగడి గతేమి?"

చుట్టూ జనం మూగారు. ఎవరో దొంగ అన్నారు. ఎవరో అబ్బులు చొక్కా పట్టుకున్నారు. వాళ్ళ భాష అతనికి రాదు. తెలుగొచ్చినవాళ్ళు నవ్వుతున్నారు. ముసలాయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. నేను నిజంగానే ఆయన సరుకుని. మనుషులు నిజం చెప్పి గొంతు కోయగలరని ఆ రోజే చూశాను.

"సత్తివేణీ, నువ్వు చెప్పవే!" అని అబ్బులు వెనక్కి తిరిగాడు.

వెనక ఎవరూ లేరు.

ఖర్చుల డబ్బు లేదు. తిరుగు చార్జీ ముడి లేదు. పులిహోర గిన్నె మాత్రం అతని కాళ్ళ దగ్గర ఉంది, తోమి, బోర్లించి.

పొద్దుగూకేదాకా అతను సంతంతా వెతికాడు. చివరికి మళ్ళీ ఎర్రిస్వామి గుడ్డ ముందే వచ్చి చతికిలబడ్డాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాడు మోసపోయిన చోటికే వస్తాడు. జేబులో బటన్ల ఫోను మోగింది. దాని గొంతు పెద్దది. భూలక్ష్మి గొంతు ఇంకా పెద్దది.

"ఏవండీ, అమ్మేశారా?"

"...పోయింది."

"మంచి రేటే వచ్చుంటదిలెండి. దాన్ని కూడా వదిలించుకున్నారా? ఒక్కళ్ళే కదా రైలెక్కింది?"

అబ్బులు నన్ను చూశాడు. ఇత్తడి మగమనిషీ ఆడమనిషీ గట్టిగా కౌగిలించుకుని ఉన్నారు.

"ఆఁ. ఒక్కళ్ళే ఎక్కారు."

"నేను చెప్పలా? లెక్క రూపాయితో సహా సరిపోయింది చూడండి!" అంది భూలక్ష్మి. పెట్టేసింది.

ఎర్రిస్వామి అమ్మగా, ఇప్పుడు నేను ఒక పెద్ద హోటల్లో, గాజుపెట్టెలో ఉన్నాను. నా నోరు తెరిచి, మూసుకోకుండా మర బిగించారు. మగమనిషీ ఆడమనిషీ ఎప్పటికీ దూరంగానే ఉంటారు. అలా అయితే బొమ్మలు బాగా కనిపిస్తాయట. వక్కలు లేవు. మడతలో నల్లగా ఎండిన మరకని చూసి, 'పురాతనమైన తుప్పు' అని అందరికీ చూపిస్తారు.

మరక ఎవరిదో నాకు తెలుసు. ఆ రోజు సంతలో డబ్బు లెక్కపెట్టుకుంటున్న సత్యవేణిని ఎర్రిస్వామి అడిగాడు, "మీ అన్నుండే ఊర్లోనే అంగడి పెడతానంటావు, భయం లేదామ్మా?" అని.

"రోజూ ఆడు ఆ దారినే పనికెళ్ళాలండీ" అంది ఆమె. "ఆకలేసినప్పుడు రానీండి. డబ్బులిత్తే పెడతాను."

వాళ్ళిద్దరి బొడ్డూ కోసింది నేనే. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. ఈసారి ఆమె ఏడవలేదు.