కట్ట తెగలేదప్పా, కారుతాండాది

తెల్లారేసరికి నల్లప్ప చెరువుకట్ట మీద సగం దూరం నడిచేశాడు. చెప్పుల్లేకుండానే నడుస్తాడు; మెత్తబడిన చోటు ముందు పాదానికే తెలుస్తుందంటాడు. పొట్టి మనిషి. మోకాళ్లపైకి ఎగగట్టిన పంచె, నీళ్లలో నాని తెల్లగా చీలిన మడమలు. పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలోని ఆ ఊళ్లో తూము ఎత్తడం, దించడం, పొలాలకు నీళ్లు వదలడం ముప్పయ్యేడేళ్లుగా ఆయన పని. వట్టి చెరువుకు కాపలా ఏమిటని నవ్వినవాళ్లకు, నాలుగు రోజుల వానకు చెరువు నిండేసరికి ఆయన గుర్తొచ్చాడు.

తూము పక్కన, కట్ట వెనక, నీళ్లు ఊరుతున్నాయి. దోసిట్లో పట్టి చూశాడు. నీళ్లతో పాటు మట్టి వస్తోంది; కట్ట లోపల్నుంచి కరుగుతోందన్నమాట.

తొమ్మిదింటికి రెండు టీవీలవాళ్లు వచ్చారు. ఒకటి అధికార పక్షానిది, ఇంకొకటి ప్రతిపక్షానిది. ఆ సంగతి ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. నల్లప్ప ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు.

"కట్ట తెగలేదప్పా, కారుతాండాది. పొద్దుగూకే లోపల యాభై ఇసుక మూటలేస్తే నిలబడతాది. కిందుండే ఇండ్లోల్లని ఇప్పుడే పంపీండి."

పదకొండింటికి భార్య చిన్నమ్మ ఫోను పట్టుకుని వచ్చింది. ఒక ఛానల్లో నల్లప్ప "కట్ట తెగలేదప్పా" అని ఆగిపోయాడు. కింద, "ముందుచూపుతో తప్పిన ముప్పు". రెండోదాంట్లో "కారుతాండాది" ఒక్కటే మిగిలింది. "తెగిన చెరువు, నిద్రలో సర్కారు" అని ఎర్రటి అక్షరాలు. వెనక పరుగెత్తే నీళ్లు ఏ ఊరివో. ఎముక దొరికితే కుక్కలైనా కొట్లాడుకుంటాయి. వీళ్లు ఆయన మాటను నడుముకు నరికి సామరస్యంగా పంచుకున్నారు.

"ఇట్లనా నువ్వు చెప్పింది?" అంది చిన్నమ్మ.

"నేను పూరాగా చెప్పినా. ఈల్లు పూరాగా ఎయ్యలే."

మధ్యాహ్నం జీపులో అధికారులు వచ్చారు. ఊట వైపు పోనేలేదు. తెగని కట్ట మీద నిలబడి, అంతా తప్పుడు ప్రచారమని వీడియో తీసుకున్నారు. ఇసుక మూటలు అడిగితే కుర్ర ఇంజనీరు తలొంచుకున్నాడు.

"మూటలేస్తే ఏదో ఉందని ఆ టీవీవాళ్లు మళ్లీ మొదలుపెడతారు పెద్దాయనా."

నల్లప్ప ఉమ్మబోయి, కాళ్ల కింద ఉన్నది కట్ట కదా అని మింగేశాడు.

కింద నలభై ఇళ్లు. గడపగడపకూ పోయి ఇళ్లు ఖాళీ చెయ్యమన్నాడు. "తెగలేదని నువ్వే చెప్పితివి కదప్పా టీవీలో" అన్నారు కొందరు. "తెగిందంటివే, యాడ తెగింది?" అన్నారు మిగతావాళ్లు. చిన్నమ్మ మాటలు పెట్టుకోలేదు. పిల్లలను చంకనేసుకుని బడి వైపు నడిచింది. తల్లులు తిట్టుకుంటూ వెంటపడ్డారు, వాళ్ల వెనకే మగవాళ్లూ కదిలారు. నల్లప్ప కట్ట మీదికి వెళ్లాడు.

ఐదింటికి తూము పక్కన కట్ట జారింది. ఇళ్లు నడుముల్లోతు మునిగాయి. బడిలో అందరూ ఉన్నారు, నల్లప్ప తప్ప.

మర్నాడు ఒక టీవీ ఆయన్ను సర్కారు పొట్టనబెట్టుకుందన్నది. ఇంకొకటి, వద్దన్నా వినకుండా పోయాడన్నది. రెంటిలోనూ ఆయన ఫొటో ఒకటే.

కట్ట మిగిలిన అంచున ఎరువుల సంచుల్లో మట్టి నింపి పేర్చిన వరస ఉంది. చివరి సంచి మూతి సగం దాకా కుట్టి ఉంది. దానికి గుచ్చిన దబ్బనంలో ఇంకా మూరెడు పురికొస ఉంది.