ప్రూయిట్ సెలూన్‌ని మోసిన గురువారం

మా డ్రై సాల్ట్ ఊరి హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పేవాడు ఫుట్‌బాల్ కోచ్‌కి సహాయకుడిగా కూడా ఉండాలి. అలాగని ఎక్కడా రాసి లేదు. కానీ నన్ను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ప్రిన్సిపాల్ హోలిస్ బీస్లీ గారు చరిత్ర గురించి ఒక్క ముక్క అడగలేదు. "ఎండకి తట్టుకోగలవా?" అన్నారు. తట్టుకుంటానన్నాను. అప్పటినుంచి పదకొండేళ్లుగా వేసవి వచ్చిందంటే కోచ్ గార్లండ్ స్ట్రౌడ్ వెనకాల తిరుగుతూనే ఉన్నాను.

ఆ ఏడు జూన్ మొదట్లో కురిసిన వడగళ్లకి కుర్రాళ్లు బరువులెత్తి కసరత్తు చేసే గది రేకుల కప్పు జల్లెడైపోయింది. స్కూల్ బోర్డు వాళ్లు వచ్చి, లోపల నిలిచిన నీళ్లు చూసి, తాళం వేసుకుని పోయారు. ఇంకొకడైతే హాయిగా చేపలు పట్టుకోవడానికి వెళ్లిపోయేవాడు. స్ట్రౌడ్ అలాంటి మనిషి కాదు. ఆగస్టు చివర్లో ఆటలు మొదలవుతాయి. మా ఫుట్‌బాల్‌లో బంతి తన్నడం తక్కువ, మనుషుల్ని తొయ్యడం ఎక్కువ. అప్పటికి ముప్పైనలుగురు కుర్రాళ్లూ ఎదుటి జట్టుని ఎద్దుల్లా గుద్ది తోసెయ్యాలి. "ఊళ్లో బరువులకి కరువా, మాస్టారూ?" అన్నాడు నాతో.

మొదటివారం ట్రాక్టర్ టైర్లు దొర్లించారు. రెండోవారం పాస్టరు గారి వ్యాన్‌ని చర్చి చుట్టూ తోశారు. పాస్టరు గారు స్టీరింగ్ ముందు కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకున్నారు. ఇక మూడోవారానికి ఊరు రుచి మరిగింది. పియానోలు, పాత ఫ్రిజ్‌లు, ఒకరి పడవ, అన్నీ మా కుర్రాళ్ల చేతుల మీదుగానే ఇళ్లు మారాయి. ఒకావిడ మొగుణ్ణి సోఫాతో సహా వరండాలోకి మార్పించింది. ఆయన నిద్ర లేవలేదు.

స్ట్రౌడ్ పెట్టిన నియమాలు రెండే. ఎత్తింది ఏదైనా సరే ఈల వినిపిస్తేనే దించాలి. చెవిన పడ్డ అరుపులు ఏవీ పట్టించుకోకూడదు.

ఈ రెండోదానికి కారణం ఉంది. కిందటేడు చివరి ఆటలో పక్క ఊరు హాజ్‌లెట్ వాళ్లు మా కోచ్ గొంతు అనుకరించి "ఆగండ్రా!" అని అరిచారు. మావాళ్లు బుద్ధిగా ఆగారు. ఓడిపోయాం. అందుకే స్ట్రౌడ్ ఈసారి ఊళ్లో వాళ్లని పిలిపించి, కుర్రాళ్లు బరువు మోస్తుంటే చుట్టూ నిలబెట్టి అరిపించాడు. తల తిప్పినవాడు ఎండలో మైదానం చుట్టూ పరిగెత్తాలి. జులై వచ్చేసరికి ఒక్కడూ తల తిప్పడం లేదు. మా జట్టులో నూట ముప్పై కిలోల డివిట్ టీగ్ అని ఒకడున్నాడు. మాట మీద నిలబడే పిల్లాడు. అన్నానికి పిలిచినా రావడం లేదని వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి మొత్తుకుంది.

అలాంటి సమయంలో క్షవరం చేసే లానీ ప్రూయిట్ మైదానానికి వచ్చాడు.

"కోచ్, రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నా షాపు పన్నెండడుగులు వెనక్కి జరపాలట. లేదంటే వాళ్లే వచ్చి కూల్చేస్తారట."

"బరువెంత ఉంటుంది?"

"నాకేం తెలుసు? మా నాన్న కట్టాడు. చెక్క గోడలు, రేకు కప్పు, ఒక కుర్చీ."

స్ట్రౌడ్ కళ్లు మెరిశాయి. "గురువారం పొద్దున్న ఏడున్నరకి వస్తాం."

గురువారం మేం వెళ్లేసరికి షాపు అడుగున చమురు బావుల పాత పైపులు దూర్చి సిద్ధంగా ఉంచాడు ప్రూయిట్. చిక్కల్లా లోపలి కుర్చీలో వచ్చింది. అందులో మెడ దాకా గుడ్డ కప్పుకుని బీస్లీ గారు ఉన్నారు. ఒక చెంప నున్నగా, రెండో చెంప నిండా నురగ.

"సార్, ఒక్క నిమిషం బయటికొస్తారా?" అన్నాను.

"ఈ మొహంతోనా? నా దగ్గర చదువుకునే పిల్లల ముందుకా? చచ్చినా రాను."

"ఉండనివ్వండి మాస్టారూ, కాస్త బరువు కలిసొస్తుంది," అన్నాడు స్ట్రౌడ్.

"గడ్డం మొదలెట్టాక మధ్యలో ఆపడం మా వంశంలో లేదు," అని ప్రూయిట్ కూడా లోపలికెళ్లిపోయాడు.

స్ట్రౌడ్ ఈలకి తాడు కట్టడు. మెడలో తాడు పశువులకే గాని మనుషులకెందుకంటాడు. ఎప్పుడూ పళ్ల మధ్యే బిగించి ఉంచుతాడు. ఆ పళ్ల సందునుంచే ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాడు. ముప్పైనలుగురూ పైపులకి నడుం వంచారు. షాపు కిర్రుమంది, మూలిగింది, లేచింది.

ఆ దృశ్యం చూసి స్ట్రౌడ్ తన ఉద్యోగంలో మొట్టమొదటిసారి మెచ్చుకున్నాడు. "శభాష్‌రా నాన్నా!" అన్నాడు. నోరు తెరుచుకుంది. ఈల జారి షాపు కింద పడింది. ముందువాళ్లు దాన్ని దాటుకుపోయారు. వెనకవైపు పైపు పట్టుకున్న ఒకడి బూటు కింద అది నలిగి పప్పైపోయింది.

షాపు పన్నెండడుగులు జరిగింది. పదమూడో అడుగూ జరిగింది.

"చాల్రా! దించండి!" అన్నాడు స్ట్రౌడ్.

ఎవరూ తల తిప్పలేదు. "ఒరేయ్, నేన్రా! నిజంగా నేనే!" అంటూ పక్కనే పరిగెత్తాడు.

డివిట్ పళ్ల బిగువున పక్కవాడితో, "ఎవడోగాని కోచ్ గొంతు అచ్చు దించేశాడ్రా. చూడకు, ఓడిపోతాం," అనడం నా చెవులారా విన్నాను.

సందు దాటి మెస్కీట్ వీధిలోకి మలుపు తిరిగారు. ఆ మలుపు కూడా ఎంతో పద్ధతిగా తిరిగారు. దారి పక్కన నిలబడి చూస్తున్న పాస్టరు గారు రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశారు. నోటి ఈల మావాళ్ల లెక్కలో అరుపే. కిటికీలోంచి చూస్తే బీస్లీ గారు రెండు చేతులా కుర్చీని పట్టుకుని ఉన్నారు.

"కదలకండి సార్, గొంతు దగ్గరున్నాను," అంటున్నాడు ప్రూయిట్.

"నేనెక్కడ కదుల్తున్నానయ్యా? కదుల్తోంది నీ షాపు!"

ఎదురుగా పోలీసు డిప్యూటీ రూబెన్ అరెడోండో కారు వచ్చి ఆగింది. ఆయన దిగి, టోపీ సర్దుకుని, షాపు చుట్టూ ఒకసారి నడిచాడు. నడుస్తున్న షాపు చుట్టూ తిరగడం కాబట్టి కాస్త వేగంగానే నడవాల్సి వచ్చింది.

"ఇంత వెడల్పు సామాను రోడ్డెక్కితే వెనక ఎర్రగుడ్డ ఉండాలి. ఏదీ?" అన్నాడు.

ప్రూయిట్ కత్తి పక్కన పెట్టి, ఎర్ర తువ్వాలొకటి వెనక కిటికీకి కట్టాడు. అరెడోండో తృప్తిపడి, కారు ముందుకు తీసి లైట్లు వెలిగించి దారి చూపించాడు.

స్ట్రౌడ్ అప్పటికి అరవడం మానేశాడు. నా పక్కన నడుస్తూ, "నేను చెప్పిందే చేస్తున్నారు మాస్టారూ. ఒక్కడు కూడా తప్పు చెయ్యలేదు," అన్నాడు.

మెస్కీట్ వీధి చివర ఊరి ఈత కొలను ఉంది. ఎనిమిదింటికి చిన్నపిల్లల ఈత తరగతి. కాపలా ఉండే అమ్మాయి జూనెల్, తడినేల మీద పరిగెత్తుతున్న ఒక గడుగ్గాయిని చూసి గట్టిగా ఈల వేసింది.

ముప్పైనలుగురూ ఒక్కసారిగా షాపు దించారు.

దించింది సరిగ్గా కొలను గేటు ముందు. ఉన్నది ఒకటే గేటు. లోపల ఇరవైమంది పిల్లలు చిక్కుకుపోయి ఏడుపందుకున్నారు.

డివిట్ చొక్కాతో మొహం తుడుచుకుని స్ట్రౌడ్ వైపు చూసి నవ్వాడు. "పన్నెండడుగులు అయిందా కోచ్?"

"అటు తిరిగి చూడరా."

డివిట్ తిరిగి చూశాడు. ఎక్కడో దూరంగా, వీధికి అవతలి కొసన, షాపు ఉండాల్సిన చోటికి తిరిగే మలుపు కనిపించింది. అర మైలుకి తక్కువ ఉండదు. అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లూ కూలబడ్డారు. స్ట్రౌడ్ వాళ్ల మధ్య కూర్చుని ఒక్కొక్కడి తల నిమిరాడు.

పిల్లల్ని కంచె మీదుగా ఒక్కొక్కరినే ఇవతలికి దించి, మధ్యాహ్నం షాపుని మళ్లీ ఎత్తబోయారు. అంగుళం లేవలేదు. మర్నాడూ అంతే. ఎంత బరువో కుర్రాళ్లకి తెలిసిపోయింది, ఇక అది లేవదు.

చేసేదేం లేక ప్రూయిట్ షాపు వెనక గోడకి ఇంకో తలుపు పెట్టాడు. ఇప్పటికీ కొలనుకి దారి షాపులోంచే. లోపలికెళ్లే ప్రతి పిల్లాడికీ ముందు తల దువ్వుతాడు, పెరిగిందనిపిస్తే వాళ్లమ్మ వైపు ఒక చూపు చూస్తాడు. గిరాకీ మునుపటికి మూడింతలైంది. బీస్లీ గారు మాత్రం గడ్డం పెంచేశారు.

ఆటల సంగతంటారా, ఆ ఏడు పదింట్లో ఆరు గెలిచాం. హాజ్‌లెట్ మీద ఒక్క పాయింటుతో ఓడాం.

ఆట అయ్యాక హాజ్‌లెట్ కోచ్ టోపీ చేత్తో పట్టుకుని మా దగ్గరకొచ్చాడు. "స్ట్రౌడ్, మా లైబ్రరీలోకి వానాకాలం నీళ్లొస్తున్నాయి. కాస్త మెరక మీదికి జరపాలి. మీ కుర్రాళ్లు..."

వెళ్లి చూశాం. స్ట్రౌడ్ గోడల మీద అరచేత్తో తట్టాడు. "ఇది ఇటుకల కట్టడం. కుదరదు," అని చెప్పి ట్రక్కు ఎక్కాడు.

సగం దారిలో, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగాడు: "మీ చరిత్ర క్లాసులో ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు, మాస్టారూ? ఇటుకల బరువెంతో వాళ్లకింకా తెలియదుగా."