పొద్దుగూకిన కబురు

యిర్మియా చమురు డబ్బా కొమ్ముతో రోలరును రెండుసార్లు కొట్టి చెవి దానికి దగ్గరగా పెట్టాడు. టక్, టక్. చమురున్న రోలరు మొద్దుగా పలుకుతుంది, ఎండిపోయింది గట్టిగా పలుకుతుంది. ఇది గట్టిగానే పలికింది. రెండు చివర్లా నాలుగేసి చుక్కలు పోసి, చేత్తో తిప్పి చూసి, లేచి నిలబడ్డాడు. లేవడానికి ఒక చేయి మోకాలి మీద, ఒక చేయి బొగ్గు బాయి గోడ మీద వేయాల్సి వచ్చింది.

బాయిలోకి దిగే ఆ ఏటవాలు దారిలో నూట పన్నెండు రోలర్లున్నాయి. టబ్బులను కిందికి దించి పైకి లాగే ఇనప రోప్ వాటి మీదే నడుస్తుంది. రోప్ ఆగినప్పుడు యిర్మియా నడుస్తాడు, రోప్ కదిలితే గోడలో తొలిచిన మ్యాన్‌హోల్ గూట్లోకి జరిగి నిలబడతాడు. షిఫ్టుకు రెండుసార్లు దిగడం, రెండుసార్లు ఎక్కడం. పదమూడేళ్లుగా ఇదే పని. బొగ్గు నింపేవాడిని కదిలిస్తే గంటసేపు తన గొప్ప చెప్పుకుంటాడు. యిర్మియా ఏం పని చేస్తాడని అడిగితే మాత్రం అతని భార్య యేసమ్మ కూడా సరిగ్గా చెప్పలేదు. "ఏదో ఆయిలు పోస్తడు" అని మాట మార్చేస్తుంది.

మనిషి పొట్టి. డబ్బా మోసీ మోసీ ఎడమ భుజం కుడి భుజం కన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. చమురు చేతులకు బొగ్గు పొడి అంటుకుని, ఎంత రుద్దినా పోని నలుపు అరచేతి గీతల్లో స్థిరపడింది. చర్చిలో ప్రార్థనకు చేతులు జోడిస్తే పక్కవాళ్ల చేతుల మధ్య అవి కొట్టొచ్చినట్టు కనబడతాయి. మొదట్లో సిగ్గుపడేవాడు, తర్వాత మానేశాడు.

ఆ పొద్దున దవాఖానలో డాక్టరు అతని ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె బలహీనపడిందనీ, ఎత్తు ఎక్కకూడదనీ చెప్పి, వచ్చే ఒకటో తారీఖు నుంచి పైన టోపీ దీపాలిచ్చే గదిలో కూర్చునే పని ఇప్పిస్తూ చీటీ రాశాడు. అప్పటిదాకా సెలవు పెట్టుకొమ్మన్నాడు. యిర్మియా చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని సెలవు మాత్రం పెట్టలేదు. సద్ది కడుతూ యేసమ్మ నిలదీసింది.

"డాక్టరు ఎక్కొద్దన్నడా లేదా?"

"ఎక్కొద్దన్నడు. దిగొద్దనలే."

"దిగినోడు ఎక్కకుంట ఎట్ల ఉంటడు?"

యిర్మియా సద్ది అందుకున్నాడు. ఇంకో రెండు మూడు రోజులేననీ, రంజాన్ పండుగ కాగానే దీపాల గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాననీ నచ్చజెప్పి బయటపడ్డాడు. యేసమ్మకు సంగతి తెలుసు. ఆమెకు కోపం రంజాన్ మీద కాదు, మొగుడి మొండితనం మీద.

సంగతి పదేళ్ల కిందటిది. ఖాజామియా బాయి అడుగున కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేస్తాడు. ఒక్కపొద్దులుండే రంజాన్ నెలలో సాయంత్రం షిఫ్టు పడితే అతనికి పెద్ద చిక్కు. బాయిలో ఆకాశం ఉండదు, మసీదు అజా పిలుపు వినపడదు. పొద్దు గూకిందో లేదో తెలిసేదెట్లా? షిఫ్టు మనుషులను నడిపే సర్దార్ లింగమూర్తి చేతికి గడియారం ఉంది. అయితే అది షిఫ్టు మొదట్లో ముందుకూ చివర్లో వెనక్కీ నడుస్తుందని బాయిలో ప్రతివాడికీ అనుమానమే. అందుకని పైనా కిందా తిరిగే ఒకే ఒక మనిషిని ఖాజామియా అడిగాడు. ఆ రోజు చలికాలంలో అకాలపు మబ్బు. యిర్మియా వెనక్కి తిరిగి చూడకుండానే ఆఁ, గూకింది గూకింది అనేసి చమురు పోసుకుంటూ పోయాడు. ఖాజామియా బిస్మిల్లా అని నీళ్లు తాగాడు. తర్వాత యిర్మియా పైకెక్కి బాయి మూతి దగ్గర నిలబడితే, మబ్బు విడిపోయి ఎర్రటి పొద్దు గుట్ట మీద ఇంకా జానెడు ఎత్తున ఉంది.

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. యిర్మియా ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు పోయి చెప్పేశాడు. ఖాజామియా తిట్టలేదు, మొహం కూడా చిట్లించలేదు. తెలియక జరిగినదానికి పాపం లేదనీ, కాకపోతే ఆ ఒక్క రోజు బాకీ పడిందనీ, పండుగ తర్వాత తీర్చుకుంటాననీ అన్నాడు. అన్నట్టే పండుగ వెళ్లిన వారానికి, అందరూ కడుపు నిండా తిని పనికొచ్చిన రోజున, తానొక్కడే నోరు కట్టుకుని ఆ ఉక్కపోతలో దుంగలు మోశాడు. యిర్మియా చూశాడు. తన సద్ది విప్పలేక అతనూ ఆ రోజు పస్తున్నాడు. ఆ పొద్దుగూకే వేళ అజా తన చెవులతో విని, పరుగున దిగి, కబురు చెప్పాడు. బాయిలో ఈ దారిన తిరిగినన్నాళ్లూ ఇక ఈ కబురు తనదేనని మాటిచ్చాడు. ఆ పదేళ్లలో రంజాన్ నెల వెనక్కి జరుగుతూ జరుగుతూ చలికాలం నుంచి వానల చివరికి వచ్చింది. యిర్మియా మాట మాత్రం జరగలేదు.

పాస్టర్ సామ్యేల్ గారు ఒకసారి అడిగారు, వాళ్ల ఉపవాసం కోసం నువ్వెందుకు ఆ నెలంతా సాయంత్రం షిఫ్టే అడిగి ప్రార్థనలు పోగొట్టుకుంటావని. యిర్మియా నేల చూస్తూ జరిగిందంతా చెప్పాడు. "నా నోటి మాటకు ఒకని ఒక్కపొద్దు చెడింది అయ్యగారూ. మన దాంట్ల దీనికి ఏం చెయ్యమన్నరో చెప్పుండ్రి, గదే చేస్త." పాస్టర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పోయి ఆ కబురు చెప్పి రా అన్నారు.

పాస్టర్‌కు చెప్పని సంగతి ఒకటుంది. యిర్మియా పుట్టిన పెద్దపల్లి పక్క పల్లెలో వాళ్ల మనుషులు ఊరి చేదబావి ముట్టకూడదు. ఎవరో దయదలచి ఎత్తు నుంచి పోస్తే దోసిలి పట్టాలి. నాయన యేసును నమ్ముకున్నాక ఇంట్లో అందరి పేర్లూ మారాయి, చదువొచ్చింది, ఆదివారం తెల్లబట్టలొచ్చాయి. చేదబావి మాత్రం మారలేదు. అతని చేతి నీళ్లు తాగిన మనిషి ఆ పల్లెలో లేడు. అలాంటిది ఇక్కడ, ఈ నేల కడుపులో, పగలల్లా ఎండిన నోళ్లతో ఖాజామియాతో కలిపి నలుగురు మనుషులు ముందర నీళ్లు పెట్టుకుని, యిర్మియా వచ్చి చెప్పిందాకా గొంతు తడుపుకోరు. ఇది తలుచుకున్నప్పుడల్లా అతనికి ఏడుపొచ్చేంత సంతోషంగా ఉండేది.

ఆ రోజు రంజాన్‌లో ఇరవై ఎనిమిదో రోజా, ఇరవై ఎనిమిదో ఒక్కపొద్దు. అమావాస్య కూడా, బతుకమ్మ మొదటి రోజు. మొదటి విడత ఎక్కి వచ్చేసరికే యిర్మియా పెదవులు నల్లబడ్డాయి. బాయి మూతి దగ్గర మైసమ్మ గద్దె పక్కన కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే లింగమూర్తి చూసి, రెండో విడత ఇంకెవరినైనా పంపుతానన్నాడు. సర్దార్ గడియారం ఎట్లాంటిదైనా మనిషి మంచివాడే. యిర్మియా వద్దన్నాడు.

పడమటి గుట్ట వెనక్కి పొద్దు దిగింది. కార్మికుల క్వార్టర్ల దగ్గర ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ చప్పట్లతో పాట ఎత్తుకున్నారు. వందమంది గొంతులు. మసీదు అజా ఆ పాట అవతల నుంచి రావాలి. యిర్మియా లేచి, ఎడమ చెవి వెనక అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. పొద్దు కనపడట్లేదు, చీకటి పడుతోంది, ఇంకెవరైనా అయితే చాలనుకుని దిగేవాడే. యిర్మియా కదలలేదు. పాటలో ఒక చరణానికీ ఇంకో చరణానికీ నడుమ ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్న క్షణంలో సన్నగా వచ్చింది. అల్లాహు అక్బర్. డబ్బా అందుకున్నాడు.

సాయంత్రం అరగంట రోప్ ఆగుతుంది. ఆ అరగంటే అతని దారి. టక్, టక్, చమురు, అడుగు. కబురు కోసం పరుగెత్తినా రోలరును వదిలే అలవాటు లేదు. వదిలితే రోప్ కోసుకుపోతుంది, తెగితే కింద మనుషులున్నారు. దారి అడుగున టబ్బులు తగిలించే పోశం ఆ చప్పుడు వింటూ ఉంటాడని అతనికి తెలుసు. పోశం ప్రతి సోమవారం రాజన్న దేవుడి పేరిట ఒక్కపొద్దుండే మనిషి. ఈ నెలంతా ఎవరూ చెప్పకుండానే ఖాజామియా ఎదుట పొగాకు ముక్క నోట్లో పెట్టడు, నీళ్లు తాగడు. టక్ టక్ దగ్గరికొచ్చినకొద్దీ, "కాక వస్తుండు, కాక వస్తుండు" అని లోపలికి కేక వేస్తాడు.

ముప్పయి రోలర్లు దాటాయి. నలభై. యాభై రెండో రోలరు దగ్గర వంగినవాడు లేవలేకపోయాడు. ఎడమ చేతిలోంచి ఏదో బరువు భుజానికి పాకి ఛాతీలో కూర్చుంది. డబ్బా కుడిచేతికి మార్చుకున్నాడు. లేచాడు. ఇంకో నాలుగు రోలర్లకు చమురు పోశాడు. అక్కడే కూలబడ్డాడు. పాకి మ్యాన్‌హోల్ గూట్లోకి చేరి గోడకు వీపు ఆనించాడు.

టోపీ దీపం వెలుగు దిగుడు వైపు పడి కొంత దూరంలో ఆగిపోయింది. దాని అవతల నలుగురు కూర్చుని ఉన్నారు. ఖాజామియా గుడ్డ పరిచి ఉంటాడు. మొదటి ఖర్జూరపండు తీసి పక్కన పెట్టి ఉంటాడు. కబురు తెచ్చినవాడికి మొదటి పండు అన్నది అతని లెక్క. యిర్మియా చేతులు చమురుతో ఉంటాయి గనక ఆ పండును చమురు డబ్బా మూత మీద పెడతాడు. యిర్మియా దాన్ని పైకెక్కేటప్పుడు చప్పరిస్తాడు. పదేళ్లుగా ఇదే వరస.

యిర్మియాకు భయం వేసింది. చావంటే కాదు. పొద్దుగూకి ఇంతసేపయింది, కబురు సగం దారిలో కూర్చుని ఉంది. డబ్బాను రెండు చేతులా ఎత్తి అడుగు భాగంతో టబ్బులు నడిచే ఇనప పట్టా మీద కొట్టాడు. ఇనుము ఇనుమును కొట్టిన మోత దారంతా పోయింది. మళ్లీ కొట్టాడు. రోలరు చప్పుడు కాదని పోశానికి తెలియాలి. ఊపిరి అందినప్పుడల్లా కొడుతూనే ఉన్నాడు. డబ్బా అడుగు లోపలికి సొట్టపోయింది.

పోశం పరుగెత్తుతూ ఎక్కి వచ్చాడు. దీపం వెలుగులో ముసలాయన మొహం చూసి, తలగుడ్డ విప్పి చెమట తుడిచి, చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. యిర్మియా అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలముంది.

"పొద్దు గూకింది. నా చెవులతోని విన్న. పొయ్యి ఖాజాకు చెప్పు."

"మొదలు నిన్ను మీదికి తీస్కపోవాలె కాకా."

"మొదలు చెప్పిరా. ఆళ్లు నీళ్లు ముంగట వెట్టుకోని కూసున్నరు."

పోశం ఒక అడుగు పైకి, ఒక అడుగు కిందికి వేసి నిలబడ్డాడు. యిర్మియా అతన్నే చూస్తున్నాడు. ఆ చూపుకు ఎదురు చెప్పలేక పోశం కిందికి ఉరికాడు. ఉరుకుతూనే దారిలోంచే కేక పెట్టాడు. పొద్దు గూకిందన్న ఆ కేక గోడలకు తగిలి అడుగుదాకా పోయింది. అక్కడి నుంచి మనుషుల గొంతులు కదిలాయి. అందులో ఖాజామియా గొంతు, బిస్మిల్లా, యిర్మియా గుర్తుపట్టాడు. గుటక చప్పుడు వినపడేంత దగ్గర కాదు. అయినా విన్నట్టే అనిపించింది. ఒళ్లో ఉన్న డబ్బాను పక్కన పెట్టి చేతులు మోకాళ్ల మీద వేసుకున్నాడు. ఇక చెప్పాల్సిందేమీ లేదు, హాయిగా ఉంది.

నీళ్ల గుక్క మింగీ మింగకుండానే ఖాజామియా, వెనకే పోశం ఎక్కి వచ్చారు. సర్దార్ స్ట్రెచర్ తెప్పించాడు. అప్పటికే యిర్మియా వెళ్లిపోయాడు. కళ్లు దిగుడు వైపే తెరిచి ఉన్నాయి. ఖాజామియా పిడికిట్లో తెచ్చిన పండును అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. వేళ్లు నిలవలేదు. రెండోసారి మూసి, తన చేత్తో పట్టుకుని, పైదాకా స్ట్రెచర్ పక్కనే నడిచాడు.

మర్నాడు పగలు సమాధుల తోటలో పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే రోజాతో ఉన్న నలుగురూ, తలగుడ్డ తీసిన పోశమూ ఒక వరసన నిలబడ్డారు. ఆ సాయంత్రం చమురు పోయడానికి పోశం తనంతట తానే సర్దార్‌ను అడిగాడు. మూతి దగ్గర చెవి వెనక అరచెయ్యి పెట్టి నిలబడి, అజా పూర్తిగా విన్నాకే డబ్బా ఎత్తాడు. నూట పన్నెండు రోలర్లనూ కొట్టి చూసుకుంటూ దిగాడు.

"నీ చెవులతోని విన్నవా?" అని అడిగాడు ఖాజామియా.

"విన్న కాకా."

ఖాజామియా నీళ్ల గిన్నె అందుకోబోయి ఆగి, మొదటి పండు తీసి డబ్బా మూత మీద పెట్టాడు. పోశం తీసుకోలేదు, ఖాజామియా తీసుకొమ్మనలేదు. అడుగున సొట్టపడిన ఆ డబ్బా దిగుడు వైపు కాస్త ఒరిగి నిలబడింది, పండు మాత్రం జారలేదు.