ఏడు వందల నాలుగో రకం

గడియారమ్మ అసలు పేరు పింఛను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. టెలిఫోన్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు, అందులో పదిహేనేళ్ళు డయళ్ళ విభాగంలో, పనిచేసిన మనిషి. డయలు తిప్పి వదిలితే అది వెనక్కి వచ్చేటప్పటి కిరకిర చప్పుడు విని, "ఇది తొందరపడుతోంది", "ఇది బద్ధకిస్తోంది" అని చెప్పేసేది. తర్వాత పరీక్ష యంత్రం మీద పెడితే ముల్లు కూడా అదే మాట చెప్పేది. అలా ఆ పేరు అతుక్కుపోయింది.

ఆమెకు అరవై ఎనిమిదో ఏడు నడుస్తుండగా మ్యూజియం అమ్మాయి ఒకతె వెతుక్కుంటూ వచ్చింది. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. దాని పాత ఆఫీసు గదుల్లో ఫోన్లన్నీ ప్రదర్శనకు పెడుతున్నారు. జనం అటకల మీంచి దింపి ఇచ్చినవి డబ్బాలకొద్దీ వచ్చాయి గానీ, వాటిలో ఏది ముందో ఏది వెనకో చెప్పేవాళ్ళు లేరు.

"ఏడు వందల వరస మొత్తం మీ చేతుల మీదుగా పోయిందట కదమ్మా!"

"అది పోవడం కాదు తల్లీ, దాని వెంట నా చేతులే పోయాయి," అంటూ గడియారమ్మ వంకర తిరిగిన వేళ్ళు చూపించింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి పొడవాటి బల్ల ముందు కూర్చుంది. పెళ్ళిచూపుల్లో పిల్లల్ని పరిచయం చేసినట్టు ఒక్కొక్క ఫోన్నీ ముందుకు జరిపింది.

"ఇది పెద్దది, ఏడు వందల ఒకటి. నలుపు తప్ప ఇంకో రంగు ఎరగదు. దీంతో మోదితే మనిషి పోతాడు గానీ దీనికేం కాదు. డయలు కూడా లోహమే, చలికాలంలో వేలు పెడితే జివ్వుమనేది. ఇది రెండోది. ప్లాస్టిక్కు వచ్చింది, బరువు సగానికి సగం తగ్గింది, రంగులొచ్చాయి. కానీ తేలికైపోయింది కదా, డయలు తిప్పబోతే ఫోనే గిర్రున తిరిగేది! అప్పుడు అడుగున రబ్బరు కాళ్ళు పెట్టారు. కాళ్ళు లేనివి ముందువి, ఉన్నవి తర్వాతవి. మూడోది గోడకు తగిలించేది."

అమ్మాయి గబగబా రాసుకుంటూ, "మరి ఇదమ్మా? ఇలాంటిది ఒక్కటే వచ్చింది. చేత్తో పట్టుకునే దగ్గర ఈ చిన్న చక్రం ఎందుకు?" అని అడిగింది.

"నాలుగోది. వినికిడి తగ్గినవాళ్ళ కోసం చేశారు. చక్రం తిప్పితే అవతలివాళ్ళ గొంతు పెద్దదవుతుంది. రెండేళ్ళు చేసి ఆపేశారు."

అంటూనే అలవాటు కొద్దీ స్క్రూ తిప్పి డయలు ఊడదీసింది. లోపలి రేకు మీద, ఓ మూలగా, సూదిమొనతో గీసినట్టు పక్కపక్కనే రెండు గీతలు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అవి పిచ్చుక గీతలు.

పిచ్చుక అని అందరూ పిలిచే ఆవిడది గడియారమ్మకు ఎదురు బల్ల. గుప్పెడంత మనిషి, నోరు మూయదు. ఏ చుట్టరికమూ లేకపోయినా చేరిన వారానికే "వదినా" అని మొదలుపెట్టింది. ఎవరి డయలు మీద వాళ్ళు తమ నంబరు ముద్ర కొట్టాలి. పిచ్చుక ముద్రతో పాటు రెండు గీతలు కూడా గీసేది. "రెండెందుకే?" అంటే, "ఒక్కటే గీస్తే దానికి తోచదు వదినా!" అనేది. పద్నాలుగేళ్ళు ఒకరి మొహం ఒకరు చూస్తూ పనిచేశారు. మొగుళ్ళ మొహాలైనా అంతసేపు చూసి ఉండరు.

నాలుగో రకం మొదలైన ఏడాదే పిచ్చుక చెవులు మందగించాయి. ఎడంవైపు నుంచి వేళాకోళమాడితే నవ్వడం మానేసింది. తర్వాత తర్వాత డయలు వెనక రేకు మీద వేలికొస ఆనించి, అదురును బట్టి వేగం సరిచేయడం గడియారమ్మ గమనించింది. ఏమీ అడగలేదు. పిచ్చుక అన్నానికి వెళ్ళినప్పుడు ఆమె డయళ్ళు ఓసారి తిప్పి విని, తేడా ఉన్నవి సరిచేసి, ఎక్కడివక్కడ పెట్టేసేది. అలా ఏడాదిన్నర.

అప్పుడు డయలు బదులు మీటలు నొక్కే ఫోన్లు వచ్చాయి. డయళ్ళ విభాగం ఎత్తేస్తున్నారన్నారు. ఇరవై మందిలో ఎనిమిది మందికే కొత్త విభాగంలో చోటు. అక్కడ పని అంతా చెవులతోనే, ఒక్కో మీట నొక్కి స్వరం వినాలి. ఏడుగురెవరో తేలిపోయింది. ఎనిమిదో చోటుకి గడియారమ్మ, పిచ్చుక మిగిలారు. ఫోర్‌మన్ ఆమెను పక్కకు పిలిచాడు.

"పిచ్చుకకి చెవులు బాగానే వినిపిస్తాయా?"

గడియారమ్మకు అప్పుడు ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, చదువుకుంటున్న కూతురు.

"కుడివైపు వినిపిస్తుంది సార్," అంది.

అబద్ధం కాదు. ఆ ఒక్క మాట చాలింది. ఆ పై సోమవారం ఎదురు బల్ల ఖాళీగా ఉంది.

వెళ్ళి చెప్పాలనుకుంది. మొదటి వారం మొహం చెల్లలేదు. మొదటి నెల ఏం చెప్పాలో తోచలేదు. ఏడాది తిరిగేసరికి పిచ్చుక ఇల్లు మారిపోయిందన్నారు. ఇప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళు. ఈ మధ్యలో ఎవరైనా "వదినా" అని పిలిస్తే చాలు, తనను కాదని తెలిసీ తల తిప్పేది.

"దీన్ని ఎవరిచ్చారమ్మా?" అని మ్యూజియం అమ్మాయిని అడిగింది.

డబ్బాకు అంటించిన చీటీ మీద చిరునామా ఉంది. రెండు బస్సులు మారితే చేరే చోటు.

మర్నాడు మధ్యాహ్నం తాళాలు బాగుచేసే కొట్టు పక్క మెట్లెక్కి తలుపు కొట్టింది. నలభై ఏళ్ళ మనిషి తీసింది. ఆ ముక్కు చూడగానే పిచ్చుక కూతురని తెలిసిపోయింది.

"అమ్మ లోపలుంది. అసలేమీ వినపడదండీ. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది."

పిచ్చుక కిటికీ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తి, కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"లావయ్యావు వదినా," అంది.

గడియారమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడదీసి, దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పింది. ఫోర్‌మన్ అడిగింది, తను అన్నది, ఆ తర్వాత రాలేకపోయింది. పిచ్చుక ఆమె పెదాల మీంచి చూపు తిప్పలేదు. చేతులు మాత్రం కాయలు విరుస్తూనే ఉన్నాయి.

"నాకు తెలుసు. లెక్క తేల్చి పంపేరోజు వాడే చెప్పాడు."

"నేను అబద్ధమైతే చెప్పలేదే..."

"చెప్పాల్సింది అబద్ధమే కదా వదినా."

కూతురు మంచినీళ్ళు తెచ్చిపెట్టి వెళ్ళిపోయింది.

"నువ్వు నా డయళ్ళు సరిచేసేదానివని కూడా తెలుసు," అంది పిచ్చుక. "నేను తిరిగొచ్చేసరికి స్క్రూలు నేను వదిలినట్టు ఉండేవి కావు. అందుకే ఉద్యోగం పోయిందని ఏడవలేదు. ఇలాంటి మనిషి ఇంటికెందుకు రాలేదని ఏడ్చాను."

"ఆ ఫోను మ్యూజియానికి ఇచ్చావు. గీతలు చూసి నేను వస్తాననేనా?" గడియారమ్మ ఆశగా అడిగింది.

"నా చెవుల కోసం ఫ్యాక్టరీలోనే కొనుక్కున్నాను. ఇప్పుడు అటక మీద చోటు లేక ఇచ్చాం," అంది పిచ్చుక. ఎదుటి మొహం చిన్నబోవడం చూసి గొంతు తగ్గించింది. "ఎదురుచూడకపోలేదు. మొదటి రెండేళ్ళూ తలుపు చప్పుడైతే నువ్వేననుకునేదాన్ని. తర్వాత తలుపు చప్పుడే వినపడకుండా పోయింది."

చీకటి పడకముందే వెళ్ళమని పిచ్చుకే లేపింది. వద్దంటున్నా వినకుండా గోడ పట్టుకుని మెట్లు దిగి బస్సు ఆగే చోటి దాకా వచ్చింది. దారిలో మాట్లాడలేదు. నడుస్తూ మాట్లాడితే పెదాలు కనపడవు. గడియారమ్మకు అడగాలని ఎన్నో ఉన్నాయి. పిచ్చుక భర్త ఏమయ్యాడు, ఆ తర్వాత ఏం చేసి బతికారు, చివరిగా చెవిన పడిన గొంతు ఎవరిది.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎక్కమన్నట్టు చెయ్యూపాడు. గడియారమ్మ కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది.

"ఏమిటిది! ఇంకోటి ముప్పావుగంటకి గానీ లేదు!" అంది పిచ్చుక.

"ఉండనీ," అంటూ గడియారమ్మ అప్పుడే వెలిగిన దీపస్తంభం కిందికి జరిగి, మొహం మీద వెలుగు పడేలా ఆమె వైపు తిరిగి నిలబడింది.