ప్లేటు చేతిలో పెట్టుకుని చూసిన రిపోర్టు

ఐర్లండ్‌లోని ఈ వాటర్‌ఫోర్డ్‌లో తెలుగువాళ్ళు నన్ను పుట్టినరోజు పార్టీకి పిలిస్తే, కేకు కోసేలోపు కనీసం నలుగురి రక్తపరీక్షలు చూడాలి. నేను ఎముకల డాక్టర్ని. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, దగ్గరైతే రెండు వారాలు ఆగాలి, నేనైతే బిర్యానీ పక్కనే నిలబడి ఉంటాను. నాకూ అది ఇష్టమే. ఆస్పత్రిలో నర్సులు కూడా నా మాట సగమే వింటారు. ఇక్కడ ఇరవై కుటుంబాలు పూర్తిగా వింటాయి.

ఏడేళ్ళ కిందట మహీధర్ కూడా అలాగే ఫోన్ పట్టుకుని వచ్చాడు. కరీంనగర్ వాడు, సాఫ్ట్‌వేర్, అప్పటికి ముప్ఫై ఆరేళ్ళు. సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు, మధ్యలో చిన్న పొట్ట. ఆ పొట్టని మాలో ఎవరూ లావు కింద జమకట్టరు. ఉద్యోగం పర్మనెంట్ అయిందనడానికి గుర్తు, అంతే.

"అన్నా, గీ సీఆర్‌పీ ఎందుకు ఎక్కువున్నది? షుగర్ సుత బార్డర్ల ఉన్నదంట. జీపీ మళ్ల రమ్మన్నది."

నా ఎడమచేతిలో ప్లేటు, కుడిచేతికి మసాలా. అందుకని స్క్రీన్ అతనే జరిపాడు. సీఆర్‌పీ అంటే ఒంట్లో ఎక్కడో వాపు రగులుతోందని చెప్పే పరీక్ష.

"ఈమధ్య జలుబు చేసిందా?"

"పోయిన వారం."

"అదే. నీ బరువుకి షుగరేంటయ్యా. గ్రాండ్, అంతా బాగానే ఉంది."

ఇక్కడివాళ్ళ బరువు పట్టిక ప్రకారం అతను నార్మలే. మన దక్షిణాసియా వాళ్ళకి ఆ గీత ఇంకా కింద గీయాలి. సన్నగా కనిపిస్తూనే పొట్ట లోపల కొవ్వు పేరుస్తాం. అది ఏళ్ళ తరబడి సన్నసెగ మీద రగులుతుంది. షుగరు మనకి వీళ్ళకంటే పదేళ్ళు ముందే వస్తుంది. ఇది నాకు తెలియక కాదు. ఆ నెలలోనే నర్సులకు పాఠం చెప్పాను. స్లైడ్లు బావున్నాయన్నారు. కానీ ఇదంతా మహీధర్‌కి చెప్పాలంటే ప్లేటు కింద పెట్టాలి. మటన్ అయిపోవస్తోంది.

మొన్న మంగళవారం మా వార్డులో ఒక పాదం కేసు చేరింది. కుడికాలికి రెండు వేళ్ళు నల్లబడిపోయాయి. షుగరుతో స్పర్శ పోయి, కొత్త బూటు కొరికిన సంగతే అతనికి తెలియలేదట. కేసు షీటు పైన మహీధర్ పేరుంది. ఆపరేషన్ నేను చేయలేనన్నాను. ఇంకొకరు చేసి ఆ రెండు వేళ్ళూ తీసేశారు.

రెండు రోజులు ఆ గదివైపు వెళ్ళలేదు. ఆనాటి మాట ఒప్పుకోవాలా వద్దా అన్నదే సమస్య. ఒప్పుకుంటే ఆ ఇరవై కుటుంబాలకీ నేను ఉత్త ఎముకల డాక్టర్ని అయిపోతాను. ఇంత జరిగినా నేను ఆలోచించింది ఆ విషయమే.

మూడోరోజు వెళ్ళాను. భార్య సుధేష్ణ టిఫిన్ డబ్బా సర్దుతోంది.

"రా అన్నా, కూసో," అన్నాడు మహీధర్. "పదిల రెండు పోయినయ్. ఎనబై పర్సెంట్‌తోని పాస్."

"మాదే నిర్లక్ష్యం అన్నయ్యా," అంది సుధేష్ణ. "ఏడేండ్ల సంది ఒక్క టెస్టు చేయించుకోలే."

"అన్న చూసిననాడు మంచిగనే ఉండె గద. తర్వాతనే నేను ఏదో తప్పు తిన్న."

నన్ను కాపాడుతున్నాడు, అదీ కాలు ఎత్తి దిండు మీద పెట్టుకుని.

"అప్పుడూ మంచిగా లేదు మహీధర్. నేను సరిగ్గా చూడలేదు. మళ్ళీ జీపీ దగ్గరికి వెళ్ళమని చెప్పాల్సింది."

సుధేష్ణ డబ్బా మూత పట్టుకునే నావైపు తిరిగింది.

"ఆ అపాయింట్‌మెంట్ నేనే కాన్సిల్ చేసిన అన్నయ్యా. మీరు చెప్పిన్రని."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి.

మహీధర్ దుప్పటి అంచు కాలిమీదకి లాక్కున్నాడు. తర్వాత అడిగాడు, "ఇంకెవరెవరికి అట్ల చెప్పినవ్ అన్నా? వాళ్లకన్న ఫోన్ చెయ్యి."

కుర్చీలోనే కూర్చుని కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. పదకొండు పేర్లు వచ్చాయి. ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళ మొహాలు గుర్తుకు రావడం లేదు. నేను చూసింది ఫోన్లనే.